చెప్పులకు కాపలా ఎవరు?

మా ఆవిడ శారద పుట్టి పెరిగింది విశాఖలోనే, పెదవాల్తేరులో. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైంది. మా చెల్లెలు రాధికా, నేనూ ఖమ్మం పక్క పల్లెలో పుట్టినవాళ్ళం. అది పెళ్ళయి హైదరాబాదు వెళ్ళాక దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న ట్రావెల్స్ పెట్టుకుంది. విశాఖ, అరకు ప్యాకేజీల మీదే దాని సంసారం నడుస్తోంది. వదినా మరదళ్ళిద్దరికీ చీరల దగ్గర్నుంచి రాజకీయాల దాకా అన్నిట్లోనూ మాట కలుస్తుంది గానీ, బీచ్ ఊసెత్తితే మాత్రం పడదు. బీచ్‌కి ఎవరు ఎందుకొస్తారు, వచ్చి ఏం చెయ్యాలి అన్నదాని మీద ఓ మధ్యాహ్నం భోజనాలయ్యాక జరిగిన గొడవ ఇది. నేను వినడానికే కూర్చున్నాను. ఉండబట్టలేక అన్న మాటలూ, అనకుండా మింగిన మాటలూ బ్రాకెట్లలో ఉన్నాయి.

శారద: నీ బస్సు దిగినవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది రాధికా. రాత్రంతా కూర్చుని వస్తారు. తెచ్చి ఆర్కే బీచ్‌లో వదిలి రెండు గంటలు టైమిస్తావు. అందులో సముద్రాన్ని చూసేది ఐదు నిమిషాలుంటుందా? మిగతాదంతా మురీ మిక్చరు, మొక్కజొన్న పొత్తు, గుర్రమెక్కి ఫొటో. ఆ మాత్రం దానికి మీకు ట్యాంక్‌బండ్ లేదా?

రాధిక: ట్యాంక్‌బండ్ మీంచి చూస్తే అవతలి ఒడ్డు కనబడుతుంది వదినా. మా లకారం చెరువు గానీ, పాలేరు రిజర్వాయరు గానీ, ఎంత నీళ్ళున్నా అవతల ఓ చెట్టో గట్టో ఉండి తీరుతుంది. ఇక్కడేమీ ఉండదు. మొదటిసారి చూసేవాళ్ళ మొహాలు నువ్వెప్పుడూ చూడలేదు. నేను ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చునేది అందుకే. బీచ్ రోడ్డు మలుపు తిరగ్గానే బస్సంతా ఒక్క కేక. దిగి నీళ్ళ దాకా వెళ్ళాక అందరూ చేసే పని ఒకటుంది, డాక్టరైనా సరే, డ్రైవరైనా సరే. చూపుడువేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటారు. ఉప్పగా ఉంటుందని ఒకటో తరగతి నుంచీ తెలుసు. అయినా చూడాల్సిందే. చూసి పక్కవాళ్ళకి చెప్తారు, నిజంగానే ఉప్పే అని. తర్వాత ఖాళీ మంచినీళ్ళ సీసా తీసి నింపుకుంటారు, ఇంటికెళ్ళి వాకిట్లో చల్లుకోవడానికి. వాళ్ళు నాకు డబ్బులిచ్చేది ఆ ఐదు నిమిషాలకే. మిక్చరు తినే గంటా యాభై అయిదు నిమిషాలు నేను ఊరికే ఇస్తున్నట్టు.

శారద: చూడటం, నాలిక మీద పెట్టుకోవడం, సరే. ఆ తర్వాత ఒక్క ప్రశ్నయినా పుట్టాలి కదా. మా స్కూలు పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్ళినప్పుడు మొదట అడిగేదాన్ని, నీలంగా ఎందుకుందిరా అని. ఆకాశం రంగు పడి అనేవాళ్ళు. ఒకప్పుడు రేలీ అనే శాస్త్రవేత్త అంతటివాడూ అదే అన్నాడు. 1921లో సీవీ రామన్ ఓడలో వస్తూ మధ్యధరా సముద్రాన్ని చూసి, కాదు, నీటి అణువులే వెలుగుని చెదరగొడుతున్నాయని తేల్చాడు. ఆయన చిన్నప్పుడు చదువుకుంది ఈ ఊళ్ళోనే, వాళ్ళ నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో. అలా చూసేవాళ్ళు ఏరీ ఇప్పుడు?

రాధిక: రామన్ ఒక్కడే వదినా. మిగతావాళ్ళు నాలాంటివాళ్ళు. రామన్‌లు మాత్రమే రావాలంటే బీచ్‌లో మీ స్కూలు పిల్లలు తప్ప ఎవరూ ఉండరు.

(ఆ పిల్లల్లో కూడా సగం మంది మిక్చరు బండి దగ్గరే ఉండేవాళ్ళని శారదే నాతో చెప్పింది. నేను నోరెత్తలేదు.)

శారద: నా గొడవ అది కాదు. ఏ మనిషికి ఏ బీచో చూసి పంపాలి. విశాఖలో బీచ్ ఒకటా? డాల్ఫిన్స్ నోస్ కొండ అవతల యారాడ ఉంది, మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క నీళ్ళు. ఒంటరిగా కూర్చోవాలనుకునేవాడికి అది. ఈతా, పడవా అనేవాళ్ళకి రుషికొండ. పాత కథలు కావాలంటే భీమిలి, గోస్తని సముద్రంలో కలిసేచోట డచ్చివాళ్ళ సమాధులున్నాయి. ఆర్కే బీచ్ పెద్దవాళ్ళు నడవటానికీ, పిల్లలు కుర్సురా జలాంతర్గామి ఎక్కి చూడటానికీ. నువ్వేమో అందర్నీ ఒక్కచోటే దింపుతావు. ఆర్కే బీచ్ స్నానాలకి పనికిరాదని బోర్డులు పెట్టారు. మైకులో అరుస్తుంటారు. నీ వాళ్ళు వింటారా?

రాధిక: వినరు. అది ఒప్పుకుంటాను.

శారద: ఎందుకు వినరో తెలుసా? ప్రమాదం ఎక్కడుందో అక్కడ సముద్రం అందంగా ఉంటుంది. కెరటాలు తెచ్చిన నీళ్ళు వెనక్కి పోవాలి కదా. ఒడ్డుకి కాస్త లోపల, నీళ్ళ అడుగున ఇసుక తిప్పలుంటాయి. ఆ తిప్పకి ఎక్కడ గండి ఉంటే నీళ్ళన్నీ అక్కడికే చేరి, సన్నటి పాయ కట్టి, జోరుగా లోపలికి పోతాయి. పాయలో లోతెక్కువ, అందుకని అక్కడ కెరటం విరగదు, నురగ కనబడదు. పక్కనంతా హోరుగా ఉంటే ఆ పది గజాలూ మీ లకారం చెరువులా ఉంటుంది. చెరువుల దగ్గర పెరిగినవాడు పిల్లని చంకనేసుకుని సరిగ్గా అక్కడే దిగుతాడు. కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది. ఒడ్డువైపు ఎదురీదబోతాడు, అదీ కొంప ముంచేది. గజ ఈతగాడైనా పాయకి ఎదురు నిలవలేడు. ఒడ్డు వెంబడే పక్కకి ఈదాలి, పాయ వెడల్పు దాటగానే పట్టు వదిలేస్తుంది, అప్పుడు కెరటమే ఒడ్డుకి తోస్తుంది. ఈత రానివాళ్ళు కంగారుపడకుండా తేలుతూ చెయ్యి ఊపాలి. ఇంత సంగతీ మీ బస్సులో ఎవరైనా చెప్తారా?

రాధిక: మా బస్సులో నేను చెప్తాను, నీ అంత బాగా చెప్పలేను గానీ. ఇంకో సంగతి, సముద్రంలో కెరటాలు ఎంతెత్తున వస్తాయో లెక్కలు కట్టి చెప్పే ఇన్‌కాయిస్ ఆఫీసు ఎక్కడుందనుకున్నావు? హైదరాబాదులో, ప్రగతినగర్‌లో. సునామీ హెచ్చరిక కూడా అక్కణ్ణుంచే. సముద్రం మీకిచ్చి దాని జాతకం మా దగ్గర పెట్టారు!

(శారద నవ్వింది. ఆ మధ్యాహ్నం మరదలికి దక్కిన మొదటి పాయింటు అదే.)

రాధిక: కానీ వదినా, కొట్టుకుపోయేవాళ్ళలో ఎక్కువమంది ఎవరు? కుర్రాళ్ళు. ఆడవాళ్ళు తక్కువ. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించావా?

శారద: జాగ్రత్త ఎక్కువ గనక.

రాధిక: నీళ్ళలోకి దిగనిస్తే కదా జాగ్రత్త సంగతి! ఓ కుటుంబం బీచ్‌లో దిగిందనుకో. ముందు అందరూ చెప్పులు విప్పి ఒకచోట కుప్ప పోస్తారు. కుప్ప పక్కన ఓ ఆడమనిషి చతికిలబడుతుంది. పెద్ద కోడలో, అత్తగారో, పెళ్ళికాని ఆడబిడ్డో, ఎవరో ఒకరు. ఒళ్ళో నాలుగు సెల్‌ఫోన్లు, మొగుడి వాచీ, మరిది పర్సు, పిల్లల పొడిబట్టలు. కెరటం పెద్దదొచ్చినప్పుడల్లా లేచి ఆ చెప్పులన్నీ చీర కుచ్చెళ్ళలో ఎత్తుకుని పై మెట్టుకి జరుగుతుంది. తడిసి వచ్చిన వాళ్ళకి తువ్వాలందిస్తుంది. నువ్వూ వెళ్ళరాదూ అని ప్రతివాళ్ళూ అంటారు. అన్నవాళ్ళెవరూ కూర్చుని కుప్ప చూసుకోరు. పొద్దుగూకాక ఇంటికెళ్ళి సముద్రం ఎలా ఉందని అడిగితే, బాగుందమ్మా, గాలి చల్లగా వేసింది అంటుంది. నువ్వు చూసేవాళ్ళూ, ఈదేవాళ్ళూ, కూర్చునేవాళ్ళూ అని బీచ్‌లు పంచుతున్నావు. ఈ మనిషికి ఏ బీచ్ ఇస్తావు?

శారద: ...

రాధిక: నా బస్సు వస్తే కుప్ప దగ్గర నేను కూర్చుంటాను. కాగితం మీద రాయలేదు గానీ నా ప్యాకేజీలో అసలు సరుకు అదే. ముప్ఫైమంది చెప్పులు. కిందటి శీతాకాలం నల్గొండ నుంచి ఓ పెద్దావిడ వచ్చింది. డెబ్భై దాటాయి. నాకెందుకమ్మా అంటూనే వెళ్ళింది. మోకాళ్ళ దాకా దిగి, కెరటం తగిలినప్పుడల్లా కోడలి భుజం మీద గుద్దుతూ నవ్వింది. గంటసేపు రాలేదు పైకి. ఆవిడ రామన్ కాదు, ఒప్పుకుంటాను.

శారద: బాగానే ఉంది. తడిసిన చీరతో ఆవిణ్ణి ఎక్కడికి పంపావు మార్చుకోవడానికి?

రాధిక: అక్కడే వచ్చింది చిక్కు. బస్సు కర్టెన్లు వేసి, మగవాళ్ళందర్నీ టీకి పంపించి... ఏదో అయిందనిపించాను. నువ్వెప్పుడైనా దిగావా వదినా, అసలు?

శారద: పదో తరగతి సెలవుల్లో దిగాను. అదే ఆఖరు. ఒంటికి బట్ట అంటుకుంటుందని మా అమ్మ కేకలేసింది. తర్వాత చీలమండల దాకానే.

(మా పెళ్ళయి ఇన్నేళ్ళయినా నాకీ సంగతి తెలియదు. రోజూ పొద్దున్నే ఐదింటికి లేచి బీచ్‌కెళ్ళే మనిషి. సముద్రం పక్కనే పుట్టినావిడ చీలమండల దగ్గర ఆగిపోతే, నల్గొండ పెద్దావిడ మోకాళ్ళ దాకా వెళ్ళింది.)

శారద: మా అమ్మ ఊరికే కేకలేసే మనిషి కాదులే. చిన్నప్పుడు మాఘ పౌర్ణమికి ఆవిడే మా చేతులు పట్టుకుని తీసుకెళ్ళి మూడు మునకలు వేయించేది. రావిచెట్టుని శనివారం తప్ప, సముద్రాన్ని పర్వదినం తప్ప ముట్టుకోకూడదని ఆవిడ లెక్క. ఆ ఒక్కరోజు ఎంత తడిసినా ఎవరూ ఏమీ అనరు. పుణ్యం పేరు చెప్తే తడిబట్టకి తప్పు లేదు, సరదా పేరు చెప్తే తప్పు.

రాధిక: మంగినపూడి, సూర్యలంక, అంతర్వేది, ఎక్కడ చూసినా పర్వదినాల్లో ఆడవాళ్ళే ఎక్కువ. మొక్కు కోసమే వస్తారని నేననుకోను. వాళ్ళకి సముద్రం తెరిచి ఉండే రోజులు అవే.

శారద: అది నువ్వనుకునేది. మా అమ్మకి పుణ్యం పుణ్యమే, దాన్ని ముసుగు అనకు. అయినా సరదాకి సముద్రం అన్నదే కొత్త సంగతి. ఇంగ్లండులో కూడా 1750ల దాకా సముద్రం దగ్గరికి పోయింది ఎక్కువగా బెస్తవాళ్ళూ, ఓడలవాళ్ళే. రిచర్డ్ రస్సెల్ అనే డాక్టరు ఉప్పునీటి స్నానం గ్రంథుల జబ్బులకి మందని పుస్తకం రాశాడు. స్నానమే కాదు, తాగమని కూడా రాశాడు. రోగులు బ్రైటన్‌కి పోటెత్తారు. రోగుల వెనకాల వాళ్ళ చుట్టాలు, చుట్టాల వెనకాల హోటళ్ళు. అదే అలవాటుతో దొరలు మద్రాసు రాజధానిలో గాలి మార్పుకని వాల్తేరు మెట్ట మీద బంగళాలు కట్టుకున్నారు. మా తాతల ఇళ్ళు చూడు, ఒక్క దానికీ సముద్రం వైపు వీధిగుమ్మం ఉండదు.

రాధిక: ఇప్పుడు సముద్రం కనబడే ఫ్లాటుకి రేటు వేరే కడుతున్నారు.

శారద: కిటికీలకి తుప్పు కూడా వేరే కడతారు, కొన్నాక తెలుస్తుంది. సరే, మార్చుకునే గదుల మాటెత్తావు కదా. రుషికొండకి తీసుకెళ్ళు. 2020లో మన దేశంలో ఎనిమిది బీచ్‌లకి తొలిసారి బ్లూ ఫ్లాగ్ వస్తే అందులో అదొకటి. డెన్మార్క్‌లో ఉన్న సంస్థ 33 అంశాలు చూసి ఇస్తుంది. నీళ్ళు పరీక్ష చేయించాలి, ఫలితం బోర్డు మీద పెట్టాలి, కాపలా ఈతగాళ్ళుండాలి, మరుగుదొడ్లు, మంచినీళ్ళ షవర్లు, బట్టలు మార్చుకునే గదులు, చక్రాల కుర్చీ దిగే దారి. మీ నల్గొండ పెద్దావిడకి కావలసినవన్నీ అందులో ఉన్నాయి.

రాధిక: ఉన్నాయి. అందుకే ఇప్పుడు రుషికొండ కూడా పెట్టుకున్నాను. కానీ జెండా ఎగరేస్తే సరిపోదు కదా. 2025లో అదే జెండాని నిర్వహణ బాగాలేదని కొన్నాళ్ళు వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చారు. ఇంకో సంగతి మర్చిపోయావు. 2023లో అక్కడ తలకి 20 రూపాయలు టికెట్టు పెడతామన్నారు.

శారద: ఇరవై రూపాయలు కడితే ఏం పోయింది? మొక్కజొన్న పొత్తుకి పెట్టగలిగినవాడు శుభ్రతకి పెట్టలేడా?

రాధిక: జనం గోలపెడితే విరమించుకున్నారు, మంచిపని చేశారు. వదినా, హైదరాబాదులో ఒక కుటుంబం ఆదివారం పూట బయటికెళ్ళి ఊరికే కూర్చోవాలంటే ఎక్కడ కూర్చోవాలి? పార్కుకి టికెట్టు. మాల్‌లో ఊరికే నిలబడితే సెక్యూరిటీవాడి చూపు. ఏదో ఒకటి కొనకుండా కూర్చోనిచ్చే చోటు గుడి మెట్లు తప్ప లేదు. మీ బీచ్‌కి గేటు లేదు. ఆటోవాడూ, ఆటోలో వచ్చినవాడూ ఒకే ఇసుక మీద పడుకుంటారు. నా బస్సులో వచ్చేవాళ్ళకి నచ్చేది ఇదే, వాళ్ళా మాట ఇలా చెప్పలేరంతే. నువ్వు ఆర్కే బీచ్‌లో జనం ఎక్కువంటావు. ఆ జనం కోసమే వస్తారు వాళ్ళు. ఇరుగుపొరుగుని తప్ప ఎవర్నీ చూడని మనిషి, ఒక్క సాయంత్రం వెయ్యిమంది కొత్తవాళ్ళ మధ్య భయం లేకుండా కూర్చుంటుంది. ఎవరూ నువ్వెవరని అడగరు. యారాడలో నీకు దొరికే ఏకాంతం ఆవిడకి ఇక్కడ ఈ గుంపులో దొరుకుతుంది. యారాడకి నువ్వైనా ఒంటరిగా వెళ్తావా?

శారద: మీ అన్నయ్యని తీసుకెళ్తాను.

(తీసుకెళ్తుంది. నేను కారులో పేపరు చదువుకుంటాను. ఆవిడ ఏకాంతానికి అది నా చందా.)

శారద: గేటు లేదు, నిజమే. గేటు లేని చోటుకి యజమానీ లేడు. ఎర్రమట్టి దిబ్బలకి ఏ గతి పట్టిందో చూశావా? సముద్రపు ఇసుక గాలికి కొట్టుకొచ్చి, వేల ఏళ్ళు ఎండకీ వానకీ ఎర్రబడి నిలబడ్డ దిబ్బలు అవి. ఇలాంటివి తమిళనాడు తీరంలో, శ్రీలంకలో తప్ప ఈ చుట్టుపక్కల లేవు. 2014లో జాతీయ భూవారసత్వ సంపదగా గుర్తించారు. ఇప్పుడు వాటంచుల మీద పెళ్ళికూతుళ్ళు పదిగజాల గౌన్లు పరుచుకుని ఫొటోలు దిగుతున్నారు. అడుగు పడ్డచోటల్లా అంచు రాలిపోతుంది.

రాధిక: ఫొటోలవాళ్ళ తరపున నేను మాట్లాడను. వాళ్ళకి ‘మరో చరిత్ర’ సినిమా జబ్బు, 1978 నుంచీ తగ్గలేదు.

శారద: దిబ్బలే కాదు, అంతా అలాగే అయింది. నా చిన్నప్పుడు ఈ బీచ్ ఎంత సహజంగా...

రాధిక: ఆగు వదినా. సహజమా? ఆర్కే బీచ్ ఇసుక పోర్టువాళ్ళు తెచ్చి పోస్తారని చెప్పింది నువ్వే కదా?

శారద: చెప్పాను. నైరుతి కాలంలో కెరటాలు ఒడ్డు వెంబడి ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకెళ్తాయి. మధ్యలో హార్బరు గోడలు అడ్డుపడ్డాయి. ఇసుక అటే ఆగిపోతోంది, ఇటు కెరటాలు ఉన్నది కోసుకుపోతున్నాయి. అందుకని అటు పేరుకున్న ఇసుకని డ్రెడ్జరుతో తవ్వి, గొట్టాల్లోంచి ఇటు పోస్తుంటారు. పోస్తుంటే కెరటాలు పట్టుకుపోతుంటాయి, మళ్ళీ పోస్తుంటారు.

రాధిక: అంటే నువ్వు రోజూ పొద్దున్నే ప్రకృతి అనుకుంటూ నడిచేది ఓ ఇంజనీరు పనితనం మీద.

శారద: ఇసుక ఎవరు పోస్తే ఏం, కెరటం ఎవరూ పోయలేదు కదా.

(ఈ జవాబు నాకు నచ్చింది. రాధికకీ నచ్చినట్టుంది, టాపిక్ మార్చింది.)

రాధిక: సరే, నా అసలు మాట విను. మనుషుల్ని బీచ్‌ల వారీగా పంచాలంటావు నువ్వు. ఎవరూ పంచకుండానే ఒక్క బీచ్‌లోనే వాళ్ళు వేళల వారీగా పంచుకున్నారు. తెల్లవారుజామున నీలాంటి నడిచేవాళ్ళు, ప్రాణాయామంవాళ్ళు. వాళ్ళ కోసం పోలీసులు రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు. సూర్యుడు సముద్రంలోంచి లేచేది వాళ్ళే చూస్తారు. పదింటికి కాలేజీ ఎగ్గొట్టిన జంటలు, గొడుగు నీడలో. మధ్యాహ్నం కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. నాలుగింటికి మొదలవుతారు కుటుంబాలు.

శారద: నాలుగింటికే ఎందుకో తెలుసా? నేల తొందరగా కాగుతుంది, నీళ్ళు నిదానంగా కాగుతాయి. నేల మీద వేడిగాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మధ్యాహ్నానికి అందుకుని సాయంత్రం దాకా వీస్తుంది. రాత్రికి తిరగబడి నేల మీంచి నీటి మీదకి పోతుంది. పూర్వం తెరచాప పడవలు ఈ గాలి మీదే వేకువన పోయి సాయంత్రానికి వచ్చేవి.

రాధిక: చూశావా, గాలే టైమ్‌టేబుల్ వేసింది. ఇంకో విచిత్రం. గోవాలో జనం సూర్యాస్తమయం చూడ్డానికి సముద్రం వైపు కూర్చుంటారు. మన దగ్గర సాయంత్రం సూర్యుడు జనం వీపుల వెనక కొండల్లోకి దిగిపోతాడు, ఎదురుగా సముద్రం నల్లబడుతుంది. చూడ్డానికి ఏమీ లేని వేళకే మనవాళ్ళు ఎక్కువమంది వస్తారు. ఎందుకొస్తారంటావు? గాలికీ, ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడానికీ.

శారద: నీ టైమ్‌టేబుల్లో ఒక క్లాసు తప్పింది. జాలర్లు. వాళ్ళకి వేళ లేదు. పెదజాలారిపేటలో ఆ ఇసుక వాళ్ళకి పనిచేసే చోటు. పడవ లాగేది అక్కడే, వల బాగుచేసేది అక్కడే, చేపలు ఎండేసేది అక్కడే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మర పడవల వేట నిషేధం. ఆ రెండు నెలలూ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. మీకు సరిగ్గా అప్పుడే వేసవి సెలవులు. వాళ్ళు పని లేక కూర్చున్న పడవల మీద మీ పిల్లలు ఎక్కి జారుతుంటారు.

రాధిక: కిందటేడు జోడుగుళ్ళపాలెంలో నా బస్సువాళ్ళు ఆరేసిన వల తొక్కారు. ఒకతని చెప్పు పిన్ను తగులుకుని చిరిగింది కూడా. వలాయన కోప్పడలేదు. ఊరికే చూశాడు. ఆ చూపుకి నేను డబ్బివ్వబోయాను, తీసుకోలేదు.

శారద: డబ్బులు కాదు, వాళ్ళని అడిగి పక్కనుంచి నడిపించు.

రాధిక: అడుగుతున్నాను ఇప్పుడు. అలివి వల లాగేటప్పుడు మావాళ్ళు కూడా ఓ చెయ్యి వేస్తామంటే వద్దనరు. అరగంట తాడు లాగితే, గుప్పెడు కవళ్ళ చేపలు పడ్డా పండగే మావాళ్ళకి. జాలర్లకి మాత్రం అది రోజు కూలి రాని వల. ఆ మొహం, ఈ మొహం పక్కపక్కన చూస్తే నాకు కొంచెం సిగ్గేస్తుంది వదినా. అయినా మళ్ళీ తీసుకెళ్తాను. బీచ్ అంటే మిక్చరు బండే కాదని వాళ్ళకి తెలిసేది అక్కడే.

శారద: ఇది నా పార్టీ మాట.

రాధిక: కొంచెం అప్పు తీసుకున్నాను.

శారద: అయితే ఇంకోటి కూడా తీసుకో. భీమిలి రోడ్డులో రిసార్టుతో మాట్లాడుకుని ఇసుక మీద మంటలు, పాటలు, రంగు దీపాలు పెట్టిస్తున్నావట. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, ఆలివ్ రిడ్లీలు. రాత్రి వేళే ఒడ్డెక్కుతాయి. వెలుగు, అలికిడి ఉంటే గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతాయి. పిల్లలు ఇసుకలోంచి బయటికొచ్చాక ఏ వైపు వెలుతురుంటే ఆ వైపు నడుస్తాయి. చీకటి రాత్రి సముద్రమే వెలుగు వాటికి. నువ్వు దీపం పెడితే రోడ్డు మీదకి వస్తాయి. అటవీశాఖవాళ్ళు గుడ్లు ఏరి హేచరీల్లో పెడుతున్నారు గానీ, అన్నీ దొరకవు కదా.

రాధిక: సరే, జనవరి నుంచి మార్చి దాకా తీసేస్తాను. ఏప్రిల్లో మళ్ళీ పెట్టుకుంటాను.

శారద: మార్చిలో పెట్టిన గుడ్డు పగలడానికి 45 రోజులు తక్కువ కాకుండా పడుతుంది. మే దాకా ఆగాలి.

రాధిక: మే దాకా ఆగితే వేసవి సీజనంతా పోయినట్టే. జూన్‌లో వానలు, వానలో ఎవడేస్తాడు మంట! పోనీ నువ్వే చెప్పు, మంట బదులు ఏం పెట్టను రాత్రిపూట?

శారద: పౌర్ణమికి తీసుకురా. సూర్యుడు వీపు వెనక దిగుతుంటే చంద్రుడు ఎదురుగా నీళ్ళలోంచి లేస్తాడు, ఇంచుమించు ఒకే వేళకి. ఇందాక చూడ్డానికి ఏమీ లేదన్నావే, ఆ వేళకే. గోవావాళ్ళు చచ్చి గీపెట్టినా ఆ ఒడ్డున దొరకదు. దీపం అక్కర్లేదు, ఖర్చు లేదు.

రాధిక: అమ్మో, ఇది అమ్ముకోవచ్చు. కానీ వదినా, పౌర్ణమి నెలకి ఒక్కసారి. నా బస్సు వారానికి రెండుసార్లు. మిగతా ఏడు బస్సులవాళ్ళకి ఏం చూపించను?

శారద: పొద్దున్న ఐదింటికి లేపు. సూర్యోదయం రోజూ ఉంటుంది.

రాధిక: ఐదింటికా? సెలవు పెట్టుకుని వచ్చినవాళ్ళనా? లేపడానికి నువ్వొస్తావా మరి?

శారద: వస్తాను. నడకకి ఎలాగూ ఆ వేళకి లేస్తాను.

రాధిక: సరే, లేపడం నీ వంతు. చెప్పుల దగ్గర మాత్రం అన్నయ్య కూర్చోవాలి, నువ్వూ నేనూ నీళ్ళలోకి దిగుతాం.

(ఏ పేపరూ అంత పొద్దున్నే రాదని చెప్పి చూశాను. ఇద్దరూ వినిపించుకోలేదు.)